హవాయి గంధం చెట్టు ఇలియాహిని పెంచడం ఎలా: గింజ దగ్గర్నుంచి చేవ పట్టే దాకా

మొలొకాయ్ దీవి కొండల మీద ఓడ ఆకారంలో ఒక గుంత ఉంది. హవాయి భాషలో దాన్ని 'లువా మోకు ఇలియాహి' అంటారు. 1800ల మొదట్లో గంధపు చెక్క కోసం వచ్చే ఓడ సరుకు గది ఎంత ఉంటుందో అంత కొలతతో కొండ మీదే గుంత తవ్వేవారు. అది నిండేదాకా చెట్లు నరికి, నిండాక ఆ దుంగల్ని మనుషుల వీపుల మీద రేవుకు దింపేవారు. మోసి మోసి వీపు కాయలు కాసిన వాళ్లకు 'కువా లేహో' అని ఒక పేరే పడింది. ఆ సరుకంతా చైనాలోని క్యాంటన్ రేవుకు పోయేది. చైనావాళ్లు హొనొలులును ఇప్పటికీ 'గంధపు కొండ' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు.

ఆ గంధం చెట్టు పేరు ఇలియాహి. నేను హవాయి దీవిలో, 'కోన' అని పిలిచే పడమటి వైపు వాలులో ఉంటాను. ఊళ్లో మాకు శ్రీగంధం తోట ఉంది కాబట్టి ఈ చెట్టు పెంచడం నాకు కొత్తేమీ కాదనుకున్నాను. రెండేళ్లలో నాటిన ఇరవైలో పదిహేడు పోయాయి. ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. హవాయిలో కాస్త నేల ఉన్న తెలుగువాళ్లకూ, ఇక్కడ మొక్కలు నాటే బృందాలతో వెళ్లాలనుకునేవాళ్లకూ పనికొస్తుందని ఆ నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. మన దగ్గర శ్రీగంధం వేసినవాళ్లకు సగం సంగతులు తెలిసినట్టే ఉంటాయి. మిగతా సగంలోనే నేను దెబ్బతిన్నాను.

ముందు చెట్టును గుర్తుపట్టండి

ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "అక్కడ కూడా ఎర్రచందనం ఉందా?" అని అడుగుతారు. లేదు. శేషాచలం కొండల ఎర్రచందనం వేరే కుటుంబం, చిక్కుడు, కంది ఉన్న కుటుంబం. దానికి గంధం వాసన కూడా ఉండదు. ఇలియాహి మన శ్రీగంధానికి సొంత చుట్టం. రెండూ శాంటాలమ్ అనే ఒకే ప్రజాతికి చెందినవి.

హవాయి దీవుల్లో ఇలియాహి ఒక్కటి కాదు, ఆరు జాతులు. ఈ ఆరూ ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగవు. సముద్రం ఒడ్డున, పొడి నేలల్లో పొదలా పెరిగేది ఎలిప్టికమ్, దాన్ని 'ఇలియాహిఆలోఎ' అంటారు. హవాయి దీవి మీద, అంటే అందరూ బిగ్ ఐలాండ్ అనే చోట, కొండ వాలుల్లో పెద్ద చెట్టయ్యేది పానిక్యులేటమ్. ఒఆహు దీవి కొండల్లో ఉండేది ఫ్రేసినేషియానమ్. మావి దీవిలో హాలేఅకాలా అగ్నిపర్వతం పై వాలుల్లో, చలికి వణికే ఎత్తులో, ఎర్రటి పూలు పూసేది హాలేఅకాలే. దానిలోనే లనాయెన్సే అనే రకం లనాయ్ లాంటి దీవుల్లో కొద్ది చెట్లుగా మిగిలింది. దాన్ని 1986లోనే అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. కవాయ్ దీవిలో పైరులేరియమ్, ఇన్‌వొల్యూటమ్ అని రెండున్నాయి.

పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. గుర్తుండాల్సింది ఒక్కటే: ఏ దీవి చెట్టు ఆ దీవిదే, ఏ ఎత్తు చెట్టు ఆ ఎత్తుదే.

చూసి నేర్చుకోవాలంటే కిలౌఎయా అగ్నిపర్వతం దగ్గర హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులో ఇలియాహి ట్రెయిల్ అని ఒక కాలిబాట ఉంది. ఆకులు ఎదురెదురుగా, కాస్త మందంగా, లేత నీలిబూడిద ఛాయలో ఉంటాయి. లేత చిగుళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఇలియాహి అన్న మాటలో 'అహి' అంటే నిప్పు. ఆకు నలిపి వాసన చూసి నిరాశపడకండి. ఆకులో ఏమీ ఉండదు, వాసనంతా చేవలో, వేళ్లలో.

మొదటి పని: మీ నేల ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి

ఇక్కడ ఎవరినైనా "మీ ఇల్లు ఎక్కడ?" అంటే ఊరి పేరుతో పాటు "పన్నెండు వందల అడుగుల్లో" అని ఎత్తు కూడా చెబుతారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. అరగంట కారు ప్రయాణంలో ఎండు గడ్డి నేల నుంచి మంచు పట్టే అడవికి వెళ్లే దీవిలో ఎత్తే అసలు చిరునామా.

మా ఇల్లు సుమారు వెయ్యి అడుగుల్లో ఉంది. నేను తెచ్చి పెట్టినవి పై వాలుల నుంచి వచ్చిన పానిక్యులేటమ్ మొక్కలు. అది సాధారణంగా పదిహేను వందల అడుగుల పైన, ఆరు వేల అడుగుల దాకా పెరిగే చెట్టు. అదే నా మొదటి తప్పు. మీ నేల కింద, ఎండగా, సముద్రం గాలి తగిలేలా ఉంటే ఎలిప్టికమ్ పెట్టుకోండి. పై వాలులో ఉంటే ఆ దీవికి చెందిన కొండ జాతి పెట్టుకోండి.

రెండో సంగతి నీరు నిలవడం. గంధానికి నీళ్లు నిలిచే నేల అంటే యమగండం. గుంత తీసి బక్కెట్ నీళ్లు పోసి చూడండి. గంటలో ఇంకిపోతే మంచిది. మర్నాటికీ నీళ్లు కనిపిస్తే ఆ చోటు వదిలేయండి. లావా నేలలు ఈ విషయంలో వరమే. పైకి బండరాళ్లలా కనిపించినా సందుల్లో వేరు దిగిపోతుంది.

రెండో పని: గింజ, దానికి అనుమతి

ఊరి నుంచి వచ్చేటప్పుడు నాలుగు శ్రీగంధం గింజలు సంచిలో వేసుకొస్తే పోలా అని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి వద్దు. విమానాశ్రయంలో పట్టుకుంటారన్నది చిన్న కారణం. పెద్ద కారణం వేరే. మన శ్రీగంధాన్ని అటవీశాఖవాళ్లు 1930ల్లోనే ఒకసారి ఇక్కడికి తెచ్చి నాటారు. దగ్గరి చుట్టాలు కావడం వల్ల అది ఇక్కడి గంధంతో కలిసి సంకరమయ్యే ప్రమాదం ఉంది. ఒక దీవి మీద కొన్ని వందల చెట్లే మిగిలిన జాతికి అలాంటి సంకరం గొడ్డలి కంటే చేటు. దానికి తోడు 1899లో కొడగులో బయటపడ్డ స్పైక్ తెగులు ఉంది కదా, ఆకులు చిన్నవై ముళ్లలా నిలబడి చెట్టు చచ్చిపోయేది. మొక్కలతో అలాంటివి కొత్త చోటికి వస్తే ఆపేవాళ్లు ఉండరు.

కాబట్టి గింజ మీ దీవిదే అయి ఉండాలి, వీలైతే మీ వాలుదే. ప్రభుత్వ అడవిలో గింజ ఏరాలంటే రాష్ట్ర అటవీ, వన్యప్రాణి విభాగం అనుమతి కావాలి. ప్రైవేటు భూమిలో అయితే యజమానిని అడగాలి. లనాయెన్సే లాంటి జాబితాలో ఉన్న రకాన్ని అనుమతి లేకుండా ముట్టుకోవడమే నేరం. ఇదంతా టెన్షన్ అనిపిస్తే స్థానిక మొక్కలు పెంచే నర్సరీకి వెళ్లి, "ఈ మొక్క తల్లి ఏ కొండది?" అని అడిగి కొనండి. జవాబు చెప్పలేని నర్సరీలో కొనకండి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి మొక్క తీసుకెళ్లాలన్నా వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుందని మర్చిపోకండి.

పండు పండితే అల్లనేరేడు రంగుకు తిరుగుతుంది. సైజు చిన్న రేగుపండంత. పచ్చివి కోయకండి, మొలవవు. చెట్టు కింద రాలినవి ఏరుకుందామంటే ఎలుకలు మనకన్నా ముందే లేస్తాయి. అందుకని కాయలు ముదురుతున్నప్పుడు కొమ్మకు సన్నటి వల సంచి కట్టి ఉంచుతాం. నేను పెట్టుకున్న లెక్క: ఒక చెట్టు నుంచి పదిలో ఒక పండు, అదీ కనీసం ఐదారు చెట్ల నుంచి. గంధం చెట్లు చాలావరకు తమ పుప్పొడితో తాము సరిగా కాయవు, వేరే చెట్టు పుప్పొడి కావాలి. ఒకే తల్లి పిల్లల్ని తోటంతా నాటితే రేపు పూస్తాయి గానీ కాయలు అంతంత మాత్రమే.

కొమ్మ కత్తిరించి నాటితే రాదా అని అడుగుతారు. వేళ్లు పట్టడం చాలా కష్టం. గింజ దారే నయం.

మూడో పని: గింజను లేపడం

గుజ్జు అదే రోజు కడిగేయండి. ఆలస్యమైతే బూజు పడుతుంది. నీళ్లలో వేసి తేలినవి పారేయండి, మునిగినవి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. వెంటనే వేయకపోతే గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. కానీ నెలలు గడిచేకొద్దీ మొలిచే శక్తి తగ్గుతుంది. తాజాగా వేయడమే మేలు.

గింజ పెంకు గట్టిది. దాన్ని వదిలేస్తే మొలవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా తీసుకుంటుంది. త్వరగా లేపే పద్ధతి ఇది. గింజకు ఒక చివర మొనలా ఉంటుంది. ఆ చివరను గరుకు కాగితం మీద మెల్లగా రుద్దండి, లోపలి తెల్లటి పప్పు కనీకనిపించగానే ఆపేయండి. పప్పు అరిగితే ఆ గింజ పోయినట్టే. నా మొదటి పాతిక గింజల్లో సగం ఇలాగే పాడుచేశాను, సాన మీద గంధం తీసినంత ఉత్సాహంగా రుద్దేసి!

తర్వాత జిబ్బరెల్లిక్ యాసిడ్, అంటే మొలకను లేపే హార్మోను మందు. లీటరు నీటికి 500 మిల్లీగ్రాములు. మన దగ్గర శ్రీగంధం గింజలకు వాడే మోతాదు కూడా ఇదే. మనవాళ్లు ఒక రాత్రి నానబెడతారు, ఇక్కడి పద్ధతిలో ఐదు రోజుల దాకా నానబెడతారు. రోజూ ఆ ద్రావణం మార్చాలి, అందులో కాస్త గంధకం ఉన్న శిలీంద్ర నాశని కలపాలి. ఐదో రోజు తీసి, తడి పిండేసిన వర్మిక్యులైట్, పెర్లైట్ (నర్సరీల్లో వాడే తేలికైన ఖనిజ పలుకులు) సగం సగం కలిపిన దాంట్లో వేసి, మూత ఉన్న డబ్బాలో నీడలో పెట్టండి. తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. దాదాపు నెలకు మొదటి వేరు కనిపిస్తుంది. మిగతావి వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. డబ్బా ఆరు నెలల దాకా పారేయకండి.

డబ్బాను ఎలుకకు అందని చోట పెట్టండి అని ప్రత్యేకంగా చెప్పాలా? చెప్పాలి. నేను గ్యారేజీలో పెట్టి ఒక రాత్రిలో మొత్తం పోగొట్టుకున్నాను.

నాలుగో పని: నర్సరీలో ఏడాది

వేరు అంగుళం రాకముందే కుండీకి మార్చండి. కుండీ లోతుగా ఉండాలి, వెడల్పు ముఖ్యం కాదు. మట్టిలో సగానికి పైగా పెర్లైట్ గానీ, ఇక్కడ దొరికే సన్నటి లావా గులక గానీ ఉండాలి. మన అలవాటు ప్రకారం ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి పోస్తే ఇక్కడి వానకు నారు కుళ్లు తెగులు ఖాయం. నీళ్లు పొద్దున పోయండి, సాయంత్రం వద్దు.

రెండు మూడు నెలలకు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉంటే అది ఇనుము లోపం. ఇలియాహి నారుకు ఇనుము ఆకలి ఎక్కువ. యూరియా వేస్తే తగ్గదు, కీలేటెడ్ ఐరన్ అని దొరికేదాన్ని డబ్బా మీద రాసిన మోతాదులో వేయాలి. వారం పది రోజుల్లో చిగురు రంగు మారడం కళ్లకు కనిపిస్తుంది. నర్సరీలో ఇంత స్పష్టంగా ఫలితం చూపించే పని ఇంకొకటి లేదు.

కుండీలో తోడు మొక్క పెట్టాలా అన్నది ఇక్కడ పెంచేవాళ్ల మధ్య తెగని వాదన. మన దగ్గర పొన్నగంటి తీగ గానీ కంది గానీ పెట్టడం రివాజు. ఇనుమూ ఎరువూ సరిగా అందితే ఇలియాహి నారు మొదటి ఏడాది ఒంటరిగా కూడా నడిచిపోతుంది. నా మటుకు నేను నాటడానికి రెండు మూడు నెలల ముందు కుండీలో ఆఆలిఇ అనే ఇక్కడి పొద మొలకను ఒకదాన్ని పెడతాను. దాంతో నాటాక వచ్చే దెబ్బ తగ్గుతోంది. పొన్నగంటిని మాత్రం ఇక్కడ పెట్టకండి, అది తోట దాటి పారిపోయే రకం.

ఐదో పని: గంధం కన్నా ముందు దాని ఇరుగుపొరుగు

మొదట నేను అర్థం చేసుకోనిదీ, నా పదిహేడు మొక్కల్ని చంపిందీ ఇదే.

గంధం సగం పరాన్నజీవి. ఆకులు పచ్చగానే ఉంటాయి, తన తిండి తానే వండుకుంటుంది. కానీ నీళ్లూ ఖనిజాలూ మాత్రం పొరుగింటి కుళాయి నుంచి పట్టుకుంటుంది. వేరు నేలలో పాకుతూ ఇంకో మొక్క వేరు తగలగానే అక్కడ చిన్న బిళ్లలా ఉబ్బి, దాన్ని పట్టుకుని లోపలికి ఒక మొన దింపుతుంది. ఆ బిళ్లను హాస్టోరియం అంటారు. తవ్వి చూస్తే కందిగింజలో సగమంత, తెల్లగా, వేరుకు అతుక్కుని కనిపిస్తుంది. దొంగతనమే, కానీ మర్యాదస్తుడి దొంగతనం. ఆరోగ్యంగా ఉన్న పొరుగు చెట్టు సాధారణంగా దీనివల్ల చావదు.

ఇది మన రైతులకు తెలుసు, నాకూ తెలుసు. కంది బదులు ఇక్కడి పప్పు కుటుంబం చెట్టు కోవా పెడితే సరిపోతుందనుకున్నాను. కోవా మన తుమ్మకు చుట్టం, నత్రజనిని నేలలో నిలిపే చెట్టు, పై కొండల్లో ఇలియాహికి అసలైన తోడు. కానీ రెండున్నర వేల అడుగుల కింద కోవాను ఫ్యుసేరియం బూజు వల్ల వచ్చే వడలు తెగులు బాగా పట్టుకుంటుంది. మా వెయ్యి అడుగుల్లో నా కోవాలు రెండో ఏట నిలువునా ఎండిపోయాయి. ఆరు నెలల్లో వాటి వెనకే గంధాలు పోయాయి. పొరుగువాడి కుళాయి ఆగిపోయిందన్నమాట. బతికిన మూడూ ఎక్కడున్నాయో తెలుసా? నేను పెట్టని, తనంత తాను మొలిచిన ఆఆలిఇ పొద పక్కన.

ఆఆలిఇ అంటే ఏదో కాదు. రాయలసీమ గుట్టల మీద ఎక్కడపడితే అక్కడ కనిపించే బందారు చెట్టే. అదే జాతి, డోడోనియా విస్కోసా. రెక్కలున్న కాయలు, జిగురు ఆకులు. అనంతపురం పక్క మేకలు కూడా పెద్దగా ముట్టని ఆ పొదను పసిఫిక్ మధ్యలో చూసి గుర్తుపట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. గాలికీ కరువుకీ తట్టుకుంటుంది, లావా మీద మొలుస్తుంది, సముద్రమట్టం నుంచి ఎత్తైన కొండల దాకా పెరుగుతుంది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. గంధం నాటడానికి కనీసం ఏడాది ముందు తోడు మొక్కలు నాటండి. కింది ఎత్తుల్లో ఆఆలిఇ, ఇలిమా, ఆవెయోవెయో అనే స్థానిక పొదలు. పై ఎత్తుల్లో కోవా, ఆఆలిఇ, మధ్యలో నాయ్యో అనే చిన్న చెట్టు. ఒక్క జాతినే నమ్ముకోవద్దు. ఒకటి పోయినా ఇంకోటి నిలబడాలి. ఇలిమా లాంటి చిన్న మొక్క మొదటి రెండేళ్లకు, ఆఆలిఇ పదేళ్లకు, కోవా లాంటి చెట్టు జీవితాంతానికి అన్నట్టు మూడు వయసుల తోడు ఉండాలి. నేనిప్పుడు ఒక్కో గంధానికి మూడు నాలుగు తోడు మొక్కలు లెక్కేసుకుంటున్నాను. అడుగున్నర నుంచి నాలుగడుగుల దూరంలో, చుట్టూ కాకుండా ఉత్తరం పక్కకు ఎక్కువగా పెడతాను, నీడ మరీ కమ్మేయకుండా. లేత మొక్కకు పాక్షిక నీడ ఇష్టం, పెరిగాక ఎండ కావాలి. తోడు మొక్క తలమీదకు వస్తే కొమ్మలు కోయండి, మొక్కను మాత్రం పీకకండి.

ఇరుగుపొరుగు సిద్ధమయ్యాకే గంధం మొక్కకు గుంత తీయండి.

ఆరో పని: నాటడం

మొక్క జానెడు దాటి, కాండం మొదట్లో కాస్త గట్టిపడి ఉండాలి. ఏ నెలలో నాటాలన్నది మీ వైపును బట్టి ఉంటుంది. దీవుల్లో చాలా చోట్ల వానలు నవంబరు నుంచి మార్చి దాకా. కోన వాలులో మాత్రం అంతా తిరగబడి, వేసవిలో మధ్యాహ్నాలు వాన పడుతుంది, శీతాకాలం పొడిగా ఉంటుంది. మిగతా చోట్ల అక్టోబరు చివర నాటితే, కోనలో మే నెలలో నాటుకోవాలి. ఇంటర్నెట్‌లో 'హవాయిలో నాటే కాలం' అని చదివి కోనలో డిసెంబరులో నాటినవాళ్లు నాతోపాటు ఇంకా ఉన్నారు.

గుంత కుండీ కన్నా కాస్త పెద్దదైతే చాలు. రెండడుగుల గుంత, బుట్టెడు ఎరువు వద్దు. ఆ బలమంతా గడ్డి తింటుంది, వేరు కుళ్లుతుంది. వేరు ముద్ద చెదరకుండా దించండి. కుండీలోని ఆఆలిఇ మొలకను విడదీయవద్దు. మొదలు చుట్టూ లావా రాళ్లు పేరిస్తే తడి నిలుస్తుంది, వేరు చల్లగా ఉంటుంది. ఎండుటాకు కప్పినా సరే, కాండానికి తగలనివ్వకండి.

కుండీ ఇంటి నుంచి కొండకు వెళ్లే ముందు ఇంకో రెండు పరీక్షలు ఉన్నాయి. చిన్న నిప్పు చీమ అనే పరాయి చీమ కుండీల్లోనే ఊరూరా పాకుతోంది. పుల్లకు పలచగా పీనట్ బటర్ రాసి కుండీ మీద గంటసేపు పెట్టి చూడండి. ఎర్రటి, బియ్యపు నూకకన్నా చిన్న చీమలు పడితే ఆ కుండీ కదలకూడదు. రెండోది మీ బూట్లు. ఓహియా చెట్లను చంపే బూజు బురదలో అంటుకుని వస్తుంది. మట్టి దులిపి 70 శాతం ఆల్కహాల్ చల్లుకోండి. గంధాన్ని కాపాడబోయి అడవికి తెగులు మోసుకెళ్తే ఏం లాభం?

ఏడో పని: మొదటి మూడేళ్లు

మొదటి పొడి కాలం వారానికోసారి నిండుగా నీళ్లు, రెండోది పదిహేను రోజులకోసారి, మూడో ఏడు మొక్క వాడితేనే. రోజూ చిలకరిస్తే వేరు పైపైనే తిరుగుతుంది, పొరుగు వేరును వెతుక్కోదు.

కలుపు చేత్తో తీయండి. కలుపు మందు కొట్టాల్సి వస్తే గంధానికి దూరంగా కొట్టండి. పక్క మొక్క మీద పడిన మందు వేరు దారిలో గంధానికి చేరే ప్రమాదం ఉంది. మొదట్లో ఒక మొక్క ఇలా పోయిందని నా అనుమానం. పిండి చల్లినట్టు తెల్లగా పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే సబ్బునీళ్లు చాలు. ముందు వాటిని కాపలా కాసే చీమల్ని వదిలించుకోండి.

ఇక కంచె. హవాయి అడవులు పశువులు లేకుండా పెరిగినవి. 1793లో వాంకూవర్ అనే ఓడ కెప్టెన్ ఆవుల్ని కానుకగా తెచ్చి రాజు కమెహమెహాకు ఇచ్చాడు. అవి పెరిగి గుంపులై లేత గంధాన్ని మేసేశాయి. మేకలు, పందులు, కొన్ని దీవుల్లో చుక్కల జింకలు దానికి తోడయ్యాయి. ఆ జింక మన అడవులదే! మేకకు నాలుగడుగుల కంచె చాలు. జింక ఉన్న మావి, మొలొకాయ్, లనాయ్ లాంటి చోట ఎనిమిదడుగులు కావాలి. డబ్బు తక్కువైతే తోటంతా కాకుండా గుంపు గుంపుగా నాటి, ఒక్కో గుంపుకు కంచె వేయండి.

ఎలుకల్ని కంచె ఆపదు. ఒఆహు దీవి కొసన కఎనా పాయింట్‌లో 2011లో ఎలుక కూడా దూరలేని సన్నటి వల కంచె కట్టారు. సముద్ర పక్షుల కోసమని కట్టినా, ఆ ఇసుకలో ఉన్న ఇలియాహిఆలోఎకూ అది రక్ష. ఇంటి దగ్గర మనం చేయగలిగింది బోన్లు పెట్టడం, కాయల కాలంలో కొమ్మలకు వల కట్టడం.

ఎనిమిదో పని: నిప్పు

మా వైపు ఊరంతా భయపడేది ఫౌంటెన్ గడ్డికి. పరాయి గడ్డి, ఎండితే పెట్రోలులా అంటుకుంటుంది, కాలాక అందరికన్నా ముందు అదే మొలుస్తుంది. స్థానిక చెట్లకు అంత త్వరగా లేచే అలవాటు లేదు. తోట చుట్టూ కనీసం పది పదిహేను అడుగుల వెడల్పున గడ్డి లేకుండా ఉంచండి, పొడి కాలం మొదలు కాకముందే. మొక్కల మధ్య కూడా గడ్డి మోకాలు దాటనివ్వకండి. రోడ్డు పక్క కారు ఆపేటప్పుడు ఎండుగడ్డి మీద ఆపవద్దని ఇంటికొచ్చే చుట్టాలకు కూడా చెప్పండి.

తొమ్మిదో పని: చేవ కోసం తొందరపడకపోవడం

నాలుగైదేళ్లకు పూత రావచ్చు. వాసన చెక్క మాత్రం నడుమ చేవ కట్టాకే. ఎంత లేదన్నా పాతిక ముప్పై ఏళ్లు, ఆపైన ఎంత ఆగితే అంత. "కిలో ఎంత?" అని లెక్కలు వేసే బంధువులకు ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. చేవ ఉందో లేదో చూద్దామని చెట్టుకు రంధ్రం వేయకండి, బూజుకు తలుపు తీసినట్టే.

తొందర ఏం చేస్తుందో ఈ దీవులు చూశాయి. కమెహమెహా 1819లో పోయేదాకా గంధం వ్యాపారం అతని చేతిలోనే ఉండేది. లేత చెట్లు నరకవద్దని ఆంక్ష పెట్టాడని చెబుతారు. అతని కొడుకు లిహోలిహో కాలంలో పెద్దలంతా అప్పు మీద సరుకులు కొని, గంధం చెక్కతో తీరుస్తామని రాసిచ్చారు. అతనైతే 1820లో ఒక విలాస నౌకనే గంధం లెక్కన కొన్నాడు. ఆ అప్పులు తీర్చడానికి 1826 చివర్లో ప్రతి మగవాడి మీద పన్ను వేశారు: సగం పికల్ చెక్క, అంటే ఇంచుమించు 30 కిలోలు, లేదా నాలుగు స్పానిష్ డాలర్లు. జనం పొలాలు వదిలి కొండలెక్కారు, తిండికి కరువొచ్చింది. రేపు పిల్లలకు ఈ చాకిరీ రాకూడదని కొందరు మొలకలు కనిపిస్తే పీకేసేవారని కూడా ఇక్కడ చెప్పుకుంటారు. 1829లో ఒఆహు గవర్నరు బోకి కొత్త గంధం వెతుక్కుంటూ దక్షిణ దీవులకు ఓడలేసుకుని పోయి మళ్లీ రాలేదు. అప్పటికి ఇంటి కొండలు ఖాళీ అయ్యాయి.

ఇంకో దీవిలో ఇంకా ఘోరం. చిలీకి దూరంగా ఉన్న ఖువాన్ ఫెర్నాండెజ్ దీవుల గంధం జాతికి మిగిలిన ఒకే ఒక్క చెట్టును 1908లో స్కాట్స్‌బర్గ్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త చూశాడు. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు.

మీ చెట్టు గాలికి పడిపోయినా, ఎండిపోయినా అప్పుడు చెక్క తీసుకోండి. బతికున్నదాన్ని నరకాల్సి వస్తే మొదలు నేలలోనే ఉంచండి. ఇలియాహి వేళ్ల నుంచి పిలకలు వస్తాయి, కంచె ఉంటే అవి చెట్లవుతాయి. వేళ్లలో నూనె ఎక్కువని మొత్తం పెకలిస్తే ఆ అవకాశం కూడా పోతుంది.

పదో పని: పుస్తకం, నోరు

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ చెట్టు గింజ, ఎప్పుడు వేశారు, ఎప్పుడు మొలిచింది, పక్కన ఏ తోడు ఉంది, ఎప్పుడు పోయింది, అన్నీ రాయండి. చెట్టుకు సంఖ్య ఉన్న రేకు కట్టండి, కొమ్మకు గట్టిగా కాకుండా వదులుగా. కాయలు వచ్చిన ఏడాది కొన్ని గింజలు పక్కనపెట్టి, ఏ తల్లివో రాసి, మీరు మొదట మొక్క తెచ్చుకున్న నర్సరీకి గానీ, ఒఆహు మనోఆ లోయలోని లయన్ వృక్షోద్యానం నడిపే విత్తన భద్రతా కేంద్రం లాంటి చోటికి గానీ పనికొస్తాయేమో అడగండి. ముందు అడిగి, వాళ్లు చెప్పిన తీరులో శుభ్రం చేసి ఇవ్వండి.

నోటి సంగతి మన శేషాచలం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చేవ పట్టిన చెట్టు ఎక్కడుందో నలుగురికీ తెలిస్తే రాత్రికి రంపం వస్తుంది. అడవిలో ముసలి ఇలియాహి కనిపిస్తే ఫొటో తీసుకోండి, కానీ ఫోన్‌లో లొకేషన్ ఆపి తీయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు వెనక ఏ కొండ కనిపిస్తోందో కూడా ఒకసారి చూసుకోండి.